అప్పజెప్పితేనే చదివినట్టు: బీటెక్‌లో చేరిన పిల్లలకు చదువుకునే పద్ధతి

ఇంటర్‌లో మన పిల్లలకు చదువు గురించి సొంతంగా ఆలోచించే పనే ఉండదు. బెల్లు కొడితే లేవాలి, స్టడీ అవర్‌లో కూర్చోవాలి, వారాంతంలో పరీక్ష రాయాలి, ర్యాంకు తగ్గితే ఇంటికి ఫోన్ వెళ్తుంది. ఏది చదవాలి, ఎప్పుడు చదవాలి, ఎన్నిసార్లు చదవాలి అన్నీ ఇంకెవరో చూసుకుంటారు. రెండేళ్లు అలా గడిపి బీటెక్‌లో అడుగుపెట్టగానే ఆ బెల్లు ఆగిపోతుంది. మొదటి రెండు నెలలు హాయిగానే ఉంటుంది. మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు బోర్డు మీద పెట్టాక టెన్షన్ మొదలవుతుంది.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నా మొదటి సెమిస్టర్‌లో మాత్రం లెక్కల పేపర్ పోయింది. చదవక పోలేదు. పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ ఆల్ ఇన్ వన్ గైడు ముందేసుకుని కూర్చున్నాను. సాల్వ్ చేసిన లెక్కలు వరసగా చూసుకుంటూ పోతుంటే అన్నీ వచ్చేసినట్టే అనిపించింది. తీరా హాల్లో తెల్లకాగితం ముందు కూర్చుంటే రెండో స్టెప్పు దగ్గరే పెన్ను ఆగిపోయింది. చూస్తూ అర్థం చేసుకోవడం వేరు, చూడకుండా రాయడం వేరు. ఆ తేడా తెలియడానికి నాకు ఒక సప్లీ (పోయిన పేపర్ మళ్లీ రాసే సప్లిమెంటరీ పరీక్ష) ఫీజు ఖర్చయింది.

కింద చెప్పేదంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణలు బీటెక్‌వి తీసుకున్నాను కానీ డిగ్రీ, డిప్లొమా వాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. మొదటి వారంలోనే ఆట రూల్స్ తెలుసుకోండి

మీ రెగ్యులేషన్ (మీ బ్యాచ్‌కు వర్తించే యూనివర్సిటీ సిలబస్, మార్కుల నిబంధనలు) ఏదో, దాని ప్రకారం మార్కులు ఎలా పడతాయో సీనియర్లను అడిగి ఊరుకోకండి. వాళ్ల రెగ్యులేషన్ వేరే అయి ఉండొచ్చు. యూనివర్సిటీ సైట్‌లో సిలబస్ పుస్తకం ఉంటుంది, దించుకుని ఆ నాలుగు పేజీలు మీరే చదవండి.

ఉదాహరణకు జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022లో తెచ్చిన ఆర్22 రెగ్యులేషన్ చూడండి. ఒక్కో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్స్ 40, సెమిస్టర్ పరీక్ష 60. ఆ 60లో పార్ట్ ఏ 10 మార్కులు, యూనిట్‌కు రెండు చొప్పున ఒక మార్కు ప్రశ్నలు. పార్ట్ బీ 50 మార్కులు, యూనిట్‌కు ఒకటి చొప్పున ఐదు పెద్ద ప్రశ్నలు. ఇదో అదో రాయమని ఛాయిస్ ఇస్తారు, కానీ ఆ రెండూ అదే యూనిట్‌లోవి. దీని అర్థం ఏమిటంటే, ఒక యూనిట్ మొత్తం వదిలేస్తే 60లో 12 మార్కులు అక్కడికక్కడే పోయినట్టు. వేరే యూనిట్ ఎంత బాగా వచ్చినా ఆ 12 తిరిగి రావు. సెమిస్టర్ పరీక్షలో కనీసం 21 రావాలి, ఇంటర్నల్స్‌తో కలిపి కనీసం 40 రావాలి. ఇది తెలిశాక 'నాలుగు యూనిట్లు బాగా చదివి ఐదోది వదిలేద్దాం' అనే సలహా ఎంత చెడ్డదో మీకే అర్థమవుతుంది. ఐదింటిలోనూ తేలిక భాగం ముందు పట్టుకుంటే పాస్ గ్యారంటీకి దగ్గరవుతారు, పై మార్కుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తర్వాత నాలుగైదేళ్ల పాత పేపర్లు ప్రింట్ తీయించుకోండి. సిలబస్‌లో ఒక్కో టాపిక్ పక్కన, అది ఎన్ని పేపర్లలో వచ్చిందో గీతలు పెట్టుకుంటూ పోండి. ఒక సబ్జెక్టుకు గంట పడుతుంది. వాట్సాప్‌లో తిరిగే 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' కంటే ఈ గీతలు నమ్మకమైనవి. పైగా గీతలు పెడుతుండగానే సిలబస్ మీద ఒక చూపు పడిపోతుంది.

అటెండెన్స్ 75 శాతం గురించి వేరే చెప్పక్కర్లేదు. హాజరు చాలక డిటెయిన్ అయ్యి, పరీక్ష రాయనివ్వకపోయాక ఎంత బాగా చదివితే మాత్రం ఏం లాభం?

2. వారంలో గంటలు లెక్కపెట్టండి

'రోజూ ఆరు గంటలు చదువుతా' అని రాసి గోడకు అంటించే టైమ్‌టేబుల్ మూడు రోజులు కూడా నిలవదు. దాన్ని పక్కన పెట్టి ఉన్న గంటలు లెక్కేయండి. వారానికి 168 గంటలు. క్లాసులు, ల్యాబులు రోజుకు 7 చొప్పున ఆరు రోజులు, 42. నిద్ర రోజుకు 7, మొత్తం 49. డే స్కాలర్ అయితే కాలేజీ బస్సులో రానూపోనూ రెండు గంటలు, 12. తిండి, స్నానం, బట్టలు రోజుకు మూడు, 21. మొత్తం 124. మిగిలేది 44.

ఆ 44లో నేను అడిగేది 15 మాత్రమే. మిగతావి క్రికెట్‌కో, సినిమాకో, ఇంట్లో పనులకో, ఊరికే కూర్చోవడానికో మీ ఇష్టం. ఆ 15 మాత్రం ఎక్కడున్నాయో ముందే గుర్తుపెట్టుకోవాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి రెండేసి గంటలు, ఆదివారం పొద్దున్న ఐదు గంటలు అనుకోండి, సరిపోతుంది. హాస్టల్లో రాత్రి తొమ్మిది దాటితే గదిలో చదువు సాగదు, అది అందరికీ తెలిసిందే. మెస్ భోజనానికి ముందో, తెల్లవారుజామునో పెట్టుకోండి, లేదంటే రీడింగ్ రూమ్‌కి వెళ్లండి. రికార్డులు, అసైన్‌మెంట్లు రాయడం ఈ 15లో కలపొద్దు. అది చేతి పని. దాన్ని చదువు కింద లెక్కేసుకుని మోసపోయేవాళ్లు చాలామంది.

3. క్లాసులో రాసింది ఆ సాయంత్రమే ఒకసారి తిప్పండి

రన్నింగ్ నోట్స్ రాసేటప్పుడు పేజీ ఎడమ పక్క నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ఆచార్యుడు 1950ల్లో ఈ పద్ధతి నేర్పించాడు, అందుకే దీన్ని కార్నెల్ నోట్స్ అంటారు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ ఖాళీలో, పక్కన రాసినదానికి సరిపోయే ప్రశ్నలు రాయండి. 'దీని డెఫినిషన్ ఏమిటి', 'ఈ స్టెప్ ఎలా వచ్చింది', 'దీనికీ దానికీ తేడా ఏమిటి' ఇలా. ఒక్కో క్లాసుకు ఐదు నిమిషాలు చాలు. రాయబోతే ప్రశ్న తట్టలేదంటే ఆ ముక్క అర్థం కాలేదన్నమాట. అక్కడ ఒక గుర్తు పెట్టి మర్నాడు సార్‌నో మేడమ్‌నో అడగండి. మూడు వారాల తర్వాత అడిగితే మాకే గుర్తుండదు ఏ సందర్భంలో చెప్పామో.

రంగురంగుల హైలైటర్ల గురించి ఒక మాట. పేజీ నిండా పసుపు పూస్తే పండగ గడపలా ఉంటుంది, బుర్రలోకి మాత్రం ఏమీ దిగదు.

4. పుస్తకం మూసి అప్పజెప్పండి

మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

మన పాత బడుల్లో ఎక్కాలు, పద్యాలు పిల్లలు పంతులుగారికి అప్పజెప్పేవాళ్లు. పుస్తకం ఆయన చేతిలో ఉండేది, పాఠం వీళ్ల నోట్లోంచి రావాలి. అది బట్టీ చదువు అని తరవాత మనం ఎగతాళి చేశాం. అర్థం తెలియకుండా మక్కీకి మక్కీ వల్లించడం తప్పే. కానీ పుస్తకం చూడకుండా లోపల్నించి పైకి తీయడం అనే ఆ సగం మాత్రం బంగారం. దాన్నీ కలిపి పారేశాం.

2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి చదవకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లే పైన ఉన్నారు, 81 శాతం గుర్తుంది. రాసినవాళ్లకు 75. వారం తర్వాత పెడితే తిరగబడింది. రెండుసార్లు చదివినవాళ్లకు 42, ఒకసారి చదివి రాసుకున్నవాళ్లకు 56. మనకు పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

ఇది ఎలా చేయాలో ఒక్క టాపిక్ మీద చూపిస్తాను. ఒకసారి ఒకమ్మాయి మిడ్ పేపర్ పట్టుకుని వచ్చింది. "సార్, డెడ్‌లాక్ నాలుగుసార్లు చదివాను సార్. అయినా పరీక్షలో రాలేదు." ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో డెడ్‌లాక్ (ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి ఆగి ఏదీ ముందుకు కదలకపోవడం) ఏర్పడాలంటే నాలుగు షరతులు ఉండాలి. పుస్తకం మూయించి, తెల్లకాగితం ఇచ్చి, "ఇప్పుడు రాయమ్మా" అన్నాను. మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్, హోల్డ్ అండ్ వెయిట్, సర్క్యులర్ వెయిట్ రాసింది. నాలుగోది రాలేదు. ఒక నిమిషం పైకప్పు చూసింది, పుస్తకం మీదికి చెయ్యి పోయింది. "అప్పుడే వద్దు, ఇంకాస్త వెతుకు" అన్నాను. రాలేదు. అప్పుడు తెరిచి చూసింది, నో ప్రీఎంప్షన్. "అయ్యో ఇదా!" అంది. ఆ 'అయ్యో' అన్న ముక్క మళ్లీ జారిపోవడం కష్టం. చదివిన నాలుగుసార్లూ ఆమె కళ్లు ఆ మాట మీదుగానే వెళ్లాయి, కానీ అది తనకు రాదని ఒక్కసారీ తెలియలేదు.

మీరు చేయాల్సింది ఇంతే. ఒక టాపిక్ ఒకసారి నిదానంగా, అర్థం చేసుకుంటూ చదవండి. పుస్తకం మూయండి. కాగితం మీద గుర్తున్నదంతా రాయండి, బొమ్మలతో సహా. దస్తూరీ ఎలా ఉన్నా పర్వాలేదు. ఆగిపోయిన చోట కనీసం నిమిషం పాటు వెతకండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో రాయండి. ఆ ఎర్ర అక్షరాలే రేపటి మీ సిలబస్. కాగితం మీద ఓపిక లేకపోతే రూమ్మేట్‌కి పుస్తకం ఇచ్చి అప్పజెప్పండి. ఎవరూ లేకపోతే గోడకు చెప్పండి, నవ్వితే నవ్వనీయండి.

మొదటి వారం ఇది చాలా చిరాకుగా ఉంటుంది. ఊరికే చదువుకుంటూ పోతే అంతా వచ్చినట్టుంటుంది, ఇలా రాస్తే ఏమీ రానట్టుంటుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఆ చిరాకు పడుతున్నప్పుడే పని జరుగుతోందని నా అనుభవం.

5. మర్చిపోయే వేళకు మళ్లీ పలకరించండి

జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాలు కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మర్చిపోతున్నాడో తన మీదే లెక్కలు తీసి 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లో చాలా వేగంగా వస్తుంది, పోనుపోను నెమ్మదిస్తుంది. కాబట్టి ఒకే రాత్రి ఐదుసార్లు చదివేదాన్ని ఐదు రోజులకు పంచితే, అదే సమయానికి ఎక్కువ నిలుస్తుంది.

నేను పిల్లలకు చెప్పే లెక్క: చదివిన రోజు, మర్నాడు, ఆ ఆదివారం, రెండు వారాల తర్వాత, మిడ్ ముందు. ప్రతిసారీ అప్పజెప్పడమే, తిరగేయడం వద్దు. మూడోసారికి పది నిమిషాల టాపిక్ రెండు నిమిషాల్లో అయిపోతుంది.

డెఫినిషన్లు, ఫార్ములాలకు చీటీల పద్ధతి బాగుంటుంది. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ జర్నలిస్టు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. చీటీకి ఒక పక్క ప్రశ్న, రెండో పక్క జవాబు. చెప్పుల డబ్బాలో మూడు అరలు చేయండి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. జవాబు వస్తే చీటీ తర్వాతి అరలోకి, రాకపోతే మళ్లీ మొదటి అరలోకి. ఫోన్‌లో కావాలంటే అంకీ అనే యాప్ ఇదే పని చేస్తుంది. కాలేజీ బస్సులో దీనికి మించిన పని లేదు.

ఎప్పుడైనా అష్టావధానం చూశారా? అవధాని ఒక పృచ్ఛకుడికి పద్యం మొత్తం ఒకేసారి చెప్పేయరు. ఒక్కో ఆవృత్తంలో ఒక్కో పాదం చెప్పి తర్వాతి వాళ్ల దగ్గరికి వెళ్తారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం, గంటలు కొట్టడం. మళ్లీ తిరిగొచ్చి ముందు పాదం గుర్తు తెచ్చుకుని రెండోది అందుకుంటారు. చివర్లో అన్నీ ధారణ చేస్తారు. ఎడం ఇచ్చి గుర్తు తెచ్చుకోవడం మన దగ్గర ఒక కళగానే ఉంది.

6. లెక్కలున్న సబ్జెక్టులకు వేరే దారి

ఎం1 (మొదటి లెక్కల పేపర్), మెకానిక్స్, సర్క్యూట్స్ లాంటివి చదివితే రావు. సాల్వ్ చేసిన లెక్క ఒకటి చూడండి, దాన్ని మూసి అదే లెక్క మీరు చేయండి, తర్వాత అంకెలు మార్చి చేయండి. ఇంతవరకు చాలామంది చేస్తారు. తప్పు జరిగేది ఆ తర్వాత. ఒకే రకం లెక్కలు వరసగా పదిహేను చేసేస్తారు. నాలుగో లెక్కకల్లా చెయ్యి అలవాటు పడిపోతుంది, బుర్ర ఆగిపోతుంది. పరీక్షలో 'ఇది ఏ రకం లెక్క' అని ఎవరూ చెప్పరు, అది మీరే కనిపెట్టాలి.

2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ చేసిన ప్రయోగం ఇదే చెబుతుంది. ఘనపరిమాణాల లెక్కల్ని రకం వారీగా చేసినవాళ్లకు సాధనలో 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలగలిపి చేసినవాళ్లకు 60. వారం తర్వాత పరీక్షలో రకం వారీ వాళ్లకు 20, కలగలుపు వాళ్లకు 63. కాబట్టి ఒక పద్ధతి మూడు నాలుగు లెక్కల్లో పట్టుబడ్డాక, పాత పద్ధతుల లెక్కలు కూడా చీటీలేసి కలిపి చేయండి.

ఇంకొకటి, తప్పుల పుస్తకం. రెండు వందల పేజీల నోట్‌బుక్ అక్కర్లేదు, చిన్నది చాలు. తప్పు జరిగినప్పుడల్లా మూడు లైన్లు రాయండి. మా విద్యార్థి పుస్తకంలో ఒకటి ఇలా ఉంది: 'ఐగన్ విలువలు. డిటర్మినెంట్ విప్పేటప్పుడు రెండో పదానికి మైనస్ పెట్టలేదు. చెక్: ఐగన్ విలువల మొత్తం, డయాగనల్ మొత్తానికి సమానం కావాలి.' నెల తిరిగేసరికి, తాను చేసే తప్పులు నాలుగైదు రకాలేనని అతనికే తెలిసింది. 'సిల్లీ మిస్టేక్' అని వదిలేస్తే ఆ సంగతి ఎప్పటికీ బయటపడదు.

7. తెలుగులో అర్థం చేసుకోండి, ఇంగ్లీషులో రాయండి

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో పడే అవస్థ నాకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీలోనూ ఇంగ్లీషు మీడియమే అయింది, కాబట్టి ఇది బీటెక్ వాళ్లకే పరిమితం కాదు. ఇంగ్లీషు పేరా అర్థం కాకపోతే దాన్ని బట్టీ పట్టకండి. ముందు తెలుగులో మనసుకు పట్టించుకోండి.

పైన చెప్పిన డెడ్‌లాక్‌నే తీసుకోండి. కాలువ మీద ఇరుకు వంతెన, ఎదురెదురుగా రెండు బస్సులు ఎక్కేశాయి. ఒకసారికి ఒక్క బస్సే పడుతుంది: మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్. ఒక్కో బస్సు సగం వంతెన పట్టుకుని మిగతా సగం కోసం ఆగింది: హోల్డ్ అండ్ వెయిట్. ఎవరినీ బలవంతంగా వెనక్కి పంపలేం: నో ప్రీఎంప్షన్. ఇతను అతని కోసం, అతను ఇతని కోసం: సర్క్యులర్ వెయిట్. బొమ్మ ఇలా పడ్డాక ఇంగ్లీషులో ఒక్కోదానికి రెండు చిన్న వాక్యాలు సొంతంగా రాయండి. వ్యాకరణం తడబడినా టెక్నికల్ పదం సరిగ్గా ఉండి, బొమ్మ ఉంటే మార్కులు పడతాయి. పేపర్లు దిద్దేవాడిగా చెబుతున్నాను.

8. ఫోన్, వీడియోలు, గ్రూప్ స్టడీ

ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకోవడం ఆకలితో స్వీటు షాపులో కూర్చోవడం లాంటిది. ఫ్రాంచెస్కో సిరిలో అనే ఇటలీ విద్యార్థి 1980ల చివర్లో టమాటా ఆకారపు కిచెన్ టైమర్‌తో మొదలుపెట్టిన 25 నిమిషాల పొమొడోరో పద్ధతి కుదురు లేనివాళ్లకు మంచిదే. లెక్కలకు మాత్రం 25 చాలవు, సగంలో తెగిపోతుంది. 45 పెట్టుకోండి.

వీడియోల్లో, ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. పెన్ను లేకుండా చూడొద్దు. గ్రూప్ స్టడీకి ముగ్గురు చాలు, ఎవరికి వాళ్లు చదువుకునే రావాలి. ఒకరు ప్రశ్న అడిగితే ఇంకొకరు అప్పజెప్పడానికే కలవండి. ఐదుగురైతే టీకి వెళ్లడమే జరుగుతుంది.

9. పరీక్షల వారం

ప్రిపరేషన్ హాలిడేస్‌లో కొత్త టాపిక్‌ల కంటే పాత పేపర్లకు ఎక్కువ సమయం ఇవ్వండి. గడియారం పెట్టుకుని సబ్జెక్టుకు ఒక్క పేపరైనా పూర్తిగా రాయండి. మూడు గంటలంటే 180 నిమిషాలు. పెద్ద ప్రశ్నలు ఐదు, ఒక్కోటి 30 చొప్పున 150. పార్ట్ ఏకు 20. మిగిలే పది నిమిషాలు ప్రశ్న నంబర్లు, జవాబుల్లో కొలతల యూనిట్లు సరిచూసుకోవడానికి. మొదటి ప్రశ్న బాగా వచ్చిందని 50 నిమిషాలు రాసేవాళ్లను ఏటా చూస్తాను. వాళ్ల ఐదో జవాబు ఎప్పుడూ సగంలోనే ఉంటుంది.

రాత్రంతా మేలుకుని చదివే నైట్ అవుట్ వద్దు. చదివినది బుర్రలో స్థిరపడటానికి నిద్ర కావాలి. ముందు రోజు రాత్రి ఎర్ర పెన్ను కాగితాలు, తప్పుల పుస్తకం, మూడో అర చీటీలు చూసి పడుకోండి. హాల్‌టికెట్ రాత్రే బ్యాగులో పెట్టండి.

బ్యాక్‌లాగ్ (పాస్ కాకుండా మిగిలిన పేపర్) ఉంటే దాన్ని ఈ సెమిస్టర్ 15 గంటల్లో కలపకండి. ఆదివారం సాయంత్రం ఇంకో రెండు గంటలు దానికే వేరుగా కేటాయించండి. కొత్తగా పుస్తకాలు కొనొద్దు. పోయిన పరీక్ష ప్రశ్నపత్రం తీసి, ఆ రోజు ఏ ప్రశ్న ఎక్కడ ఆగిందో గుర్తు తెచ్చుకుని అక్కణ్నుంచి మొదలుపెట్టండి. నేను సప్లీకి అలాగే చదివాను. ఆగిపోయిన ఆ రెండో స్టెప్పు మా గది గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను, రోజూ పళ్లు తోముకుంటూ దాని తర్వాతి స్టెప్పు చూడకుండా చెప్పుకునేవాణ్ని. గది ఖాళీ చేసేటప్పుడు ఓనరు ఆ గోడకు సున్నం డబ్బులు పట్టుకున్నాడు.